రిచ్ గెటప్‌లో రెండో బంతికి

సత్యలక్ష్మి కూర్చున్నన్ని హోటళ్ళలో హైదరాబాదులో మరొకరు కూర్చుని ఉండరు. ఎర్ర సోఫాల హోటళ్ళు, కిటికీలోంచి సముద్రం కనపడే హోటళ్ళు, బల్లకో కొవ్వొత్తి వెలిగించిన హోటళ్ళు. అన్నీ స్టూడియోల్లో చెక్కతో, ప్లాస్టరుతో వేసినవే. ముందు బల్ల దగ్గర హీరో మనసులో మాట చెప్పలేక నీళ్ళు నములుతుంటే, వెనకాల ఆకుపచ్చ పట్టుచీరలో ఒకావిడ సూపులో చెంచా తిప్పుతూ ఉంటుంది చూడండి, ఆవిడే సత్యలక్ష్మి. ముప్పై ఏళ్ళుగా ఆమె పని అదే. తెరమీద పేరు పడదు, పోస్టరులో ముఖం ఉండదు. కాగితాల మీద వాళ్ళని జూనియర్ ఆర్టిస్టులంటారు. కేకేసి పిలిచేటప్పుడు మాత్రం ఒక్క మాటలో క్రౌడ్ అంటారు.

ఆ హోటళ్ళకి ఒక పద్ధతి ఉంది. మాట్లాడాలి గానీ గొంతు బయటికి రాకూడదు. నవ్వాలి గానీ చప్పుడు కాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, తినాలి గానీ తినకూడదు. ఈ షాట్‌లో పళ్ళెంలో ఉన్న గారె తర్వాతి షాట్‌లో మాయమైతే అసిస్టెంట్ డైరెక్టర్లు లబోదిబోమంటారు. కొత్తలో ఒకసారి, ఎంతకీ భోజనాలకి వదలకపోతే, ఎవరు చూడొచ్చారులే అని ఎదురుగా ఉన్న కేకు ముక్క కొరికింది. తీరా అది థర్మాకోలు. పంటికింద అది కిర్రుమన్న చప్పుడుకి హీరో డైలాగు మరిచిపోయాడు.

ఆమె పుట్టింది పాలకొల్లు దగ్గర. పెళ్ళయి యూసుఫ్‌గూడకి కాపురానికొచ్చింది. భర్త బసవపున్నయ్య సినిమా సెట్లు వేసే వడ్రంగి. రాజుగారి కోటైనా కోర్టు బోనైనా చకచకా నిలబెట్టి, షూటింగ్ అవగానే అంతే నిశ్చింతగా ఊడదీసే పని ఆయనది. ఒకరోజు ఆయనకి క్యారేజీ పట్టుకెళ్తే, పెళ్ళి సీనులో ముత్తయిదువ ఒకరు తక్కువయ్యారని ఏజెంటు ఆమెని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. అలా కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. కోర్టులో ముక్కున వేలేసుకున్న ఆవిడగా, ఆస్పత్రి వరండాలో దిగులుగా ఉన్న ఆవిడగా, బస్టాండులో చంటిపిల్లనెత్తుకున్న ఆవిడగా ఏళ్ళు గడిచిపోయాయి. జుట్టు అందంగా నెరిసి, నడకలో ఒక నిదానం వచ్చాక రిచ్ గెటప్‌కి పిలవడం మొదలుపెట్టారు. సొంత పట్టుచీరా సొంత వన్‌గ్రామ్ గోల్డ్ నగలూ ఉండి, ఊరికే కూర్చున్నా కోటీశ్వరుల వియ్యంకురాలిలా కనపడాలి. ఆ విషయంలో సత్యలక్ష్మికి తిరుగులేదు. ఇంట్లో మాత్రం నైటీ వేసుకుని, కుక్కరు కూత వింటూ, తనకి ఎవరూ ఇవ్వని డైలాగులన్నీ భర్త మీద ప్రయోగించేది.

ఫిల్మ్‌నగర్‌లో ఎత్తుగా ఎక్కే ఒక సందులో, పాత బంగళా కింది భాగం కిరాయికి తీసుకుని ఉదయశ్రీ అనే అమ్మాయి హోటలు పెట్టింది. జనగామ వైపు మనిషి. సినిమాల్లో కాస్ట్యూమ్స్ చూసుకునేది. కుట్టుపని కంటే వంటే ఇష్టమని అది మానేసి ఇందులో దిగింది. హోటలు పేరు 'రెండో బంతి'. మొదట్లో కాలేజీ పిల్లలు లోపలికొచ్చి, ఇక్కడ పెద్ద టీవీలో క్రికెట్ చూపిస్తారా అని అడిగేవారు. బంతంటే భోజనాల బంతి అని ఆమె ఓపిగ్గా చెప్పేది. పెళ్ళిళ్ళలో చుట్టాలందరూ మొదటి బంతిలో తిని లేస్తారు. వండినవాళ్ళూ, వడ్డించినవాళ్ళూ, షామియానా కట్టినవాళ్ళూ చివర్లో కూర్చునేసరికి పప్పు చల్లారిపోయి ఉంటుంది, అప్పడాలు అయిపోయి ఉంటాయి. ఆ చివరి బంతివాళ్ళకి కూడా వేడివేడిగా, కావలసింది అడిగి పెట్టాలని ఉదయశ్రీ పట్టుదల. అందుకని ప్రతి బుధవారం మధ్యాహ్నం అక్కడ బిల్లు ఉండదు. లైట్లు మోసేవాళ్ళు, వ్యాను డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, సినిమా పనివాళ్ళెవరైనా వచ్చి కూర్చోవచ్చు. మిగతా రోజుల్లో వచ్చేవాళ్ళు కట్టే బిల్లులోంచే ఈ పూటకి కొంత పక్కన పెడుతుంది. ఆ సంగతి మెనూ కార్డు అడుగున రెండు ముక్కల్లో రాసి ఉంటుంది. చదివేవాళ్ళు చదువుతారు, మిగతావాళ్ళు తిని చేయి కడుక్కుని వెళ్ళిపోతారు.

సత్యలక్ష్మి మొదట రానంది. ఊరికే పెడుతున్నారంటే అన్నదానం క్యూలో నిలబడ్డట్టు ఉంటుందని ఆమె అభిమానం. ఆమెతో పాటు ఏళ్ళ తరబడి క్రౌడ్‌లో కూర్చుంటున్న బాలమణి వినలేదు. బాలమణిది యూసుఫ్‌గూడే, పుట్టింది పెరిగింది అక్కడే. ఒక బుధవారం చేయిపట్టుకుని లాక్కొచ్చింది.

లోపల శుభ్రమైన బల్లలున్నాయి, బల్లమీద మడతపెట్టిన గుడ్డ రుమాళ్ళున్నాయి. ఉదయశ్రీ స్వయంగా వచ్చి ఇద్దరి చేతిలో చెరో కార్డు పెట్టింది. సినిమా హోటళ్ళలో సత్యలక్ష్మి ఎన్నో కార్డులు పట్టుకుంది. అట్ట తళతళలాడేది, తెరిస్తే లోపల తెల్ల కాగితం. ఈ కార్డు తెరిస్తే లోపల సర్వపిండి ఉంది, పచ్చిపులుసు ఉంది, బగారన్నం ఉంది, పనసపొట్టు కూర ఉంది. ఏం తీసుకుంటారని ఆ అమ్మాయి అడిగింది. షూటింగుల్లో పొట్లం వస్తుంది, తీసుకుంటారు. అందులో ఏముంటే అదే. అలవాటు కొద్దీ, ఏముంటే అది పెట్టమ్మా అంది.

"ఏముంటే అది గాదు పెద్దమ్మా," అంది ఉదయశ్రీ. "మీకేం తినబుద్ధయితుందో అది చెప్పుండ్రి. తొందరేం లేదు, నేనీడనే ఉంట."

నిజంగానే అక్కడే నిలబడింది. సత్యలక్ష్మి కార్డు మొత్తం, ధరలతో సహా, పై నుంచి కిందికి చదివి, మళ్ళీ కింది నుంచి పైకి చదివి, సర్వపిండీ పనసపొట్టు కూరా చెప్పింది. పచ్చిపులుసు మాత్రం వద్దంది. పొయ్యెక్కని పులుసు పులుసెలా అవుతుందని ఆమె అనుమానం. బాలమణి తన గిన్నెలోంచి ఒక గరిటె బలవంతంగా ఆమె అన్నంలో పోసింది. ఆ తర్వాత ఆ గిన్నె బాలమణి వైపు తిరిగి రాలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి, తనని ఏం కావాలని అడిగారని భర్తకి పదిసార్లు చెప్పింది. బసవపున్నయ్య పదకొండోసారి కూడా ఓపిగ్గా విని, మరైతే రాత్రికి నాకేం కావాలో నువ్వూ అడుగు అన్నాడు.

ఇలా కొన్ని నెలలు బుధవారాలు హాయిగా నడిచాయి. అంతలో ఆ సందులో పైపులైను పని మొదలైంది. హోటలు ముందు అడ్డంగా నడుములోతు కందకం తవ్వి, మట్టంతా గుట్టపోసి, పైపులు రాలేదని పని ఆపేశారు. లోపలికి రావాలంటే బురదలో వేసిన ఒక వంకర చెక్క మీద సర్కసు చేయాలి. జూబ్లీహిల్స్ నుంచి వచ్చే కార్లు అక్కడిదాకా వచ్చి, అద్దం దించి, కందకాన్నీ ఖాళీ బల్లల్నీ చూసి, మెల్లగా వెనక్కి మళ్ళేవి.

ఒక శనివారం సాయంత్రం స్టూడియోలో పెళ్ళి రిసెప్షన్ సీను ముగించుకుని సత్యలక్ష్మీ బాలమణీ ఆ దారినే దిగుతున్నారు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. లోపల ఒక్క మనిషి లేడు. ఉదయశ్రీ ఒక్కతే కూర్చుని, మడతపెట్టిన రుమాళ్ళు విప్పి మళ్ళీ మడతపెడుతోంది. మొన్న బుధవారం నాడు ఏ కూరా తగ్గలేదు, పైగా బొబ్బట్లు కూడా వేసింది. ఇబ్బందిగా లేదామ్మా అని అడిగితే, ఏం ఫికర్ చెయ్యకుండ్రి పెద్దమ్మా, నెయ్యి వేసుకోండ్రి అంది.

ఆ రోడ్డు మీదే సత్యలక్ష్మి ఆగిపోయింది. అప్పుడే ఒక కారు వచ్చింది. అందులో ఆవిడ హోటలు వైపు చూసి, ఎవ్వరూ లేరు, బాగుండదేమో అంది. కారు వెళ్ళిపోయింది. సత్యలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. వెంటనే, ఆ మంటలోంచే, ఒక ఆలోచన పుట్టింది.

"బాలమణీ, ఆవిడకి కావలసింది వంట కాదే. నిండుగా ఉన్న హోటలు. హోటలు నింపడం ముప్పై ఏళ్ళుగా మనం చేస్తున్న పనేగా."

బాలమణి మొదట అర్థం కాక చూసింది. అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుని మట్టిగుట్ట మీద కూలబడింది. నవ్వు తగ్గాక, రిచ్ గెటపా మామూలుదా అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నుంచీ సత్యలక్ష్మి ఫోను చల్లబడలేదు. యూసుఫ్‌గూడలోనూ మోతీనగర్‌లోనూ ఉన్న క్రౌడ్ వాళ్ళలో బుధవారం భోజనం తిననివారు లేరు. విషయం చెప్పగానే అందరిదీ ఒకటే ప్రశ్న, ఏ చీర కట్టుకోవాలి, ఏ కోటు వేసుకోవాలి అని. సత్యలక్ష్మి షరతులు పెట్టింది. ఎవరి ఖర్చు వాళ్ళదే, నలుగురూ పంచుకున్నా సరే, కొనుక్కునే తినాలి. గంటసేపు కూర్చోవాలి. బుధవారం మొహాలని తెలియకూడదు కాబట్టి పూర్తి గెటప్‌లో రావాలి. ఉదయశ్రీ చెవిన పడకూడదు. పడిందంటే ఆ పిల్ల అందరికీ ఊరికే వడ్డించి కూర్చుంటుంది. ఇది మోసమవుతుందేమో అని ఆమెకి లోపల చిన్న గుబులు కూడా పట్టుకుంది. రాత్రి ఆ మాట భర్త దగ్గర తీస్తే ఆయన కొట్టిపారేశాడు.

"హోటలుకి వెళ్తున్నారు, కొనుక్కుంటున్నారు, తింటున్నారు. అందులో అబద్ధమేముంది? నీ నగలొక్కటే అబద్ధం. ఆ కందకం ఎలా దాటుతారో చెప్పు ముందు."

కందకం సంగతి ఎవరికీ తట్టలేదు. పట్టుచీరలతో వంకర చెక్క మీద నడిస్తే కోటీశ్వరుల కుటుంబం బురదలో తేలుతుంది. ఆ పని తనకి వదిలేయమన్నాడు బసవపున్నయ్య. శుక్రవారం సాయంత్రానికల్లా ఇద్దరు మిత్రుల్ని వెంటేసుకుని, ఎప్పుడో ఊడదీసిన అంతఃపురం సెట్టు తాలూకు చెక్కలు ఆటో ట్రాలీలో తెచ్చాడు. ఏదో బల్లలు అడ్డంగా వేస్తాడనుకుంటే ఆయన వంతెనే కట్టాడు. రెండు పక్కలా చెక్కిన పిట్టగోడలు, నాలుగు మూలలా బంగారు రంగు పద్మాలు, మధ్యలో వంపు తిరిగిన తోరణం. ఉదయశ్రీ బయటికొచ్చి నోరు తెరుచుకుని చూస్తుంటే, చెక్కలు పాడైపోతున్నాయమ్మా, వాన తగలని చోటు కదా అని ఇక్కడ పెట్టా అన్నాడు. వాన తగలని చోటు అది ఏ రకంగానూ కాదు. ఆ అమ్మాయి మాత్రం దణ్ణం పెట్టి టీ ఇచ్చింది.

శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి క్రౌడ్ దిగింది. ఒకేసారి రాలేదు, పనితనం తెలిసినవాళ్ళు కదా. ముందు ఒక జంట. కాసేపాగి నవ్వుకుంటూ నలుగురు. ఆ తర్వాత సిల్కు లాల్చీలో ఒక పెద్దమనిషి, ఫోనులో ఎవరితోనో స్థలాల బేరం మాట్లాడుతున్నట్టు. చీకటి పడుతున్నా బాలమణి నల్లకళ్ళద్దాలు తీయలేదు, అవి తీస్తే తను బాలమణినైపోతానని ఆమె వాదన. సత్యలక్ష్మి ఆకుపచ్చ పట్టుచీరలో, మెడలో మూడు వరసల హారంతో వంతెన ఎక్కి, తోరణం కింద ఒక్క క్షణం ఆగి, ఎవరూ కెమెరా పెట్టకపోయినా ఎడమ వైపుకి తిరిగి నవ్వింది.

కాసేపట్లో హాలు కళకళలాడింది. అందరూ అలవాటైనట్టే మొదలుపెట్టారు. పెదవులు కదుపుతూ మాటల్లేకుండా మాట్లాడుకోవడం, చప్పుడు లేకుండా నవ్వడం, చెంచాలు గాలిలో తిప్పడం. చూడ్డానికి అద్భుతంగా ఉంది. చెవులకి మాత్రం అందరూ ఒక్కసారిగా మూగబోయినట్టుంది. వడ్డించే అబ్బాయి భయంగా వెనకడుగు వేశాడు. సత్యలక్ష్మి కంగారుగా ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి, ఇది షూటింగ్ కాదు, గొంతు విప్పండర్రా అని చెప్పుకొచ్చింది. ముప్పై ఏళ్ళు ఆపుకున్న గొంతులు విప్పమంటే ఎలా ఉంటుందో ఊహించండి. హాలు దద్దరిల్లిపోయింది.

సర్వపిండి వచ్చింది. గంటసేపు ఒక్క ముక్కనే తింటూ కూర్చోవడం వాళ్ళకి పెద్ద పనేం కాదు. కానీ వేడి పెనం మీది నువ్వుల వాసనా, కరివేపాకు వాసనా ముక్కుకి తగలగానే ఏళ్ళనాటి క్రమశిక్షణ గాలికి ఎగిరిపోయింది. సిల్కు లాల్చీ పెద్దమనిషి ఫోనులో బేరం మధ్యలో వదిలేసి, స్థలాలు రేపు చూద్దాం అని ఎవరూ లేని ఫోనుకి చెప్పి పెట్టేశాడు. బల్లకో సర్వపిండి చెప్పి ఆరుగురు పంచుకోవాలన్నది ఒప్పందం. రెండోది చెప్పని బల్ల ఒక్కటీ లేదు.

సందులో కార్లు ఆగడం మొదలైంది. మొదట వంతెన మీద ఫొటోలు దిగడానికి కొంతమంది అమ్మాయిలొచ్చారు. తోరణం కింద నిలబడి చేతులు చాచి తిప్పీ తిప్పీ తీసుకున్నారు. ఇంతమంది ఎందుకొచ్చారో చూద్దామని అటునుంచి అటే లోపలికొచ్చారు. వాళ్ళ వెనక ఒక కుటుంబం, వాళ్ళ వెనక ఆఫీసు వాళ్ళ గుంపు. ఎవరూ అనుకోని చిక్కు అప్పుడొచ్చింది. కూర్చోడానికి చోటు లేదు. సత్యలక్ష్మి కళ్ళతో సైగ చేసింది. తలుపు దగ్గరి బల్లవాళ్ళు బిల్లు కట్టి, పొట్ట నిమురుకుంటూ బయటికి నడిచారు. ఇంటికి వెళ్ళారా అంటే వెళ్ళలేదు. వంతెనకి అవతల నిలబడి, చోటు కోసం ఎదురుచూస్తున్న కస్టమర్లయిపోయారు. దానివల్ల ఆగే కార్లు ఇంకా పెరిగాయి.

ఆ పక్క ఇళ్ళలోనే ఉండే సూర్యప్రకాశరావుగారూ ఆయన భార్య శారదాదేవిగారూ కూడా వచ్చారు. ఆయన ఒకప్పుడు భీమవరంలో థియేటర్లు నడిపి, పెద్దతనంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఇంత దగ్గర్లో ఉన్నా ఎన్నడూ ఇటు తొంగిచూడలేదు. బుధవారం నాటి జనాన్ని చూసి ఇదేదో పనివాళ్ళ హోటలనుకున్నారట. ఈ పూట పట్టుచీరలు చూసి కుతూహలం కలిగింది. ఖాళీ బల్ల లేకపోవడంతో, అభ్యంతరం లేకపోతే ఇక్కడ కూర్చోవచ్చా అని సత్యలక్ష్మిని అడిగారు. ఆమె కోటీశ్వరుల వియ్యంకురాలి లాగా చేయి చాపి కుర్చీలు చూపించింది.

శారదాదేవి కూర్చున్న దగ్గర్నుంచీ సత్యలక్ష్మి ముఖంలోకే చూస్తోంది.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ," అంది చివరికి.

సత్యలక్ష్మి మెడలో హారం సర్దుకుంది. ఏదో ఫంక్షన్‌లో అయ్యుండొచ్చండీ అని తప్పించుకోబోయింది. శారదాదేవి వదిలే రకం కాదు. క్లబ్బులోనా, గుడిలోనా, ఎవరింటి గృహప్రవేశంలోనా అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెళ్ళి, ఉన్నట్టుండి బల్లమీద చరిచింది. గుర్తొచ్చింది, ఒక పెళ్ళిలో చూశాను అంది. పెద్ద మండపం. సత్యలక్ష్మి మొదటి వరసలో, ఇదే చీరలో కూర్చుని ఉంది. పెళ్ళికొడుకు తాళి కట్టబోయి, పీటల మీంచి లేచి వెళ్ళిపోయాడు. సత్యలక్ష్మి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పాపం, ఎంత ఏడ్చారో, మీ వాళ్ళమ్మాయేమో అనుకున్నాను అంది శారదాదేవి జాలిగా. సూర్యప్రకాశరావు నొసలు చిట్లించి, అది ఎవరి పెళ్ళి, మనం ఆడపిల్లవారి తరఫా మగపిల్లవాడి తరఫా అని వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

సత్యలక్ష్మి నోట్లో ఉన్న మజ్జిగ మింగలేదు, కక్కలేదు. ముక్కు ఎర్రబడింది, భుజాలు కదిలాయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి. వెనక బల్ల దగ్గర బాలమణి అప్పటికే తల బల్లకి ఆనించేసింది. మజ్జిగ ఎలాగో గొంతు దిగాక సత్యలక్ష్మి ఇక ఆపుకోలేకపోయింది.

"అమ్మా, అది పెళ్ళి కాదండీ. సినిమా. ఆ పెళ్ళికొడుకు పైఅంతస్తులో పాట షూటింగుకి వెళ్ళాడండీ. నేను ఆ రోజు పొద్దున్నుంచి పన్నెండుసార్లు ఏడ్చాను."

ఆ తర్వాత అంతా చెప్పేసింది. తన పనేమిటో, వీళ్ళంతా ఎవరో, బుధవారం ఇక్కడేం జరుగుతుందో, ఇవాళ ఎందుకిలా వచ్చారో, నగలన్నీ గిల్టువని కూడా. చెప్పడం అయ్యాక, వీళ్ళిక లేచి వెళ్ళిపోతారేమో అని సత్యలక్ష్మికి భయమేసింది. సూర్యప్రకాశరావు భార్య వైపు తిరిగి, చాలా గంభీరంగా అన్నాడు.

"శారదా, ఆ పెళ్ళికి మనం వెండి కుంచం చదివించినట్టు కూడా గుర్తొస్తోందే నాకు."

అని, పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి హాలంతా ఇటు తిరిగింది. శారదాదేవి సత్యలక్ష్మి చేయి పట్టుకుని వదలలేదు. ఇన్నేళ్ళలో తనని చూసి గుర్తుపట్టిన మొదటి ప్రేక్షకురాలు ఆవిడే అని సత్యలక్ష్మి చెప్తే, ఆవిడ మురిసిపోయి ఇంకా ఏయే సినిమాల్లో ఎక్కడెక్కడ కూర్చుందో అన్నీ చెప్పించుకుంది. ఇంటికి వెళ్ళి అన్నీ పెట్టుకుని, ఆపి ఆపి చూస్తానంది.

ఇంతసేపూ వంటింట్లో ఊపిరాడని ఉదయశ్రీకి ఈ నవ్వులు విని అనుమానమొచ్చింది. అప్పటికే ఆర్డర్లు వింతగా ఉన్నాయి, ఒక సర్వపిండికి ఆరు ప్లేట్లేమిటా అని. గరిటె చేత్తోనే బయటికొచ్చి చూసింది. సిల్కు లాల్చీలో ఉన్నది గుడి సీనుల్లో బిచ్చగాడిగా కూర్చునే మనిషి. ముత్యాల హారంలో ఉన్నది పోయిన బుధవారం బొబ్బట్లు మూడు తిన్న మనిషి. నల్లకళ్ళద్దాల్లో ఉన్నది బాలమణి కాదనుకోవడానికి వీల్లేదు. చూస్తూ చూస్తూ ఆమె కళ్ళు సత్యలక్ష్మి మీద ఆగాయి. సత్యలక్ష్మి ఏమీ ఎరగనట్టు కార్డు తిరగేసింది.

ఉదయశ్రీ వంటింట్లోకి వెళ్ళిపోయి, బియ్యం బస్తా మీద కూర్చుని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వంటవాళ్ళకి తెలియలేదు. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి, సత్యలక్ష్మి బల్ల దగ్గర నిలబడింది.

"మేడం, ఇంకేం తీసుకుంటరు?" అని అడిగింది, ఎన్నడూ చూడని మనిషిని అడిగినట్టు.

సత్యలక్ష్మి కూడా అంతే దర్జాగా పచ్చిపులుసు చెప్పింది. ఉదయశ్రీ రాసుకుని రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి వంగి, ఆమె చెవిలో చెప్పింది. "పెద్దమ్మా, బిల్లు తీసుకోకపోతే మీరు ఊకోరు, నాకెర్కే. తీసుకుంట. కానీ గాజులు ఉల్టా తొడుక్కున్నరు, జర చూసుకోండ్రి."

ఆ పూట వంటిల్లు ఖాళీ అయిపోయింది. బియ్యం అయిపోయాయి, పెరుగు అయిపోయింది, చివర్లో వచ్చినవాళ్ళకి నిమ్మకాయ నీళ్ళిచ్చి మళ్ళీ రమ్మని దణ్ణం పెట్టారు. సూర్యప్రకాశరావు పొద్దున వాకింగుకి వచ్చేవాళ్ళందరికీ ఈ కథ నటించి మరీ చెప్పాడు. ఒక్కోసారి చెప్పినప్పుడు కుంచం కాస్తా బిందె అయ్యేది. విన్నవాళ్ళు వంతెన చూడటానికొకరు, పచ్చిపులుసు రుచి చూడటానికొకరు వచ్చారు. వచ్చినవాళ్ళు ఈసారి మెనూ కార్డు అడుగున ఏముందో కూడా చదివారు. తర్వాతి శనివారం కూడా క్రౌడ్ సిద్ధమై వచ్చింది గానీ, లోపల కూర్చోడానికి వాళ్ళకే చోటు దొరకలేదు. పట్టుచీరలతోనే బజ్జీల బండి దగ్గర నిలబడి తిని, గర్వంగా ఇళ్ళకి పోయారు. పైపులొచ్చాయి, కందకం పూడ్చారు. వంతెన తీసేద్దామని బసవపున్నయ్య సుత్తి పట్టుకుని వస్తే సందులోవాళ్ళు ఒప్పుకోలేదు. ఊడదీయనివ్వని మొదటి సెట్టు అదేనని ఆయన రెండు రోజులు ఇంట్లో కాలు నిలపలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం శారదాదేవి ఒక్కతే వచ్చింది. వడ్డించడానికి సాయం చేస్తానంది. వడ్డించడానికి మనుషులున్నారు, మీరు కూర్చోండ్రి అంది ఉదయశ్రీ. మరి నేను సినిమా పనిదాన్ని కాదు కదమ్మా అని ఆవిడ మొహమాటపడింది. నలభై ఏళ్ళు వదలకుండా సినిమాలు చూసినావిడ పనివాళ్ళ కిందికే వస్తుందని బాలమణి అక్కడికక్కడే తీర్పు చెప్పింది.

శారదాదేవి, అందరిలో కలిసిపోవాలని, బీరువా అంతా వెతికి ఉన్నవాటిలోకెల్లా పాత నేతచీర కట్టుకొచ్చింది. బాలమణేమో రిచ్ గెటప్ అలవాటైపోయి జరీ చీరలో, నల్లకళ్ళద్దాలు నెత్తిమీదికి ఎగదోసుకుని కూర్చుంది. ఒకరినొకరు పై నుంచి కిందిదాకా చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో సత్యలక్ష్మికి తెలియలేదు.

"ఏందక్కా గట్ల చూస్తవు, జరుగు, అమ్మగారికి జాగియ్యి," అంది బాలమణి.

సత్యలక్ష్మి జరిగింది. శారదాదేవి మధ్యలో ఒదిగి కూర్చుని కార్డు తెరిచి, ఈ సకినాలు కరకరలాడతాయా, నా పళ్ళు ఓర్చుకుంటాయా అని అడిగింది. ఓర్చుకుంటాయో లేదో కొరికి చూస్తే గానీ తెలియదని ఇటొకరూ అటొకరూ చెప్పారు. వంటింట్లోంచి ఉదయశ్రీ, బగారన్నం ఎంతమందికి అని కేకేసింది. హాల్లో ఉన్న చేతులన్నీ లేచాయి. బాలమణివి రెండూ లేచాయి.